మా అమ్మ నిలబడిన వరుస

(గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ఈ గ్రంథాలయాన్ని వానలోనూ వరదలోనూ మూయకుండా నడుపుతున్న కార్యకర్తలకు, ఒకప్పుడు నా తరగతిలో కూర్చుని ఇవాళ తమ పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చిన నా విద్యార్థులకు నమస్కారం. అస్సలాము అలైకుమ్. నన్ను పరిచయం చేస్తూ అధ్యక్షులు చెప్పిన మంచి మాటలన్నీ ఈ ఊరి ఉన్నత పాఠశాలకు చెందుతాయి. ముప్ఫై ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పిన మనిషికి ఇరవై నిమిషాలు ఇచ్చి చైనా గురించి మాట్లాడమన్నారు. ప్రయత్నిస్తాను.

నాకు ఇచ్చిన విషయం 'చైనా చారిత్రక నగరాల్లో ముస్లిం యాత్రికులకు అనువైన పర్యటన'. 2020లో ఆగిపోయిన, మన దేశం నుంచి చైనాకు నేరు విమానాలు 2025 అక్టోబరు చివర మళ్ళీ మొదలయ్యాయి. అప్పటి నుంచి మా ఇంటికి ఫోన్లు వస్తున్నాయి. మన ఊరి పెద్దలొకరు ఎనిమిది రోజుల యాత్ర వేశారు, దాని కరపత్రం మీ అందరి చేతుల్లోనూ ఉంది. తిండి, నమాజు, చూడవలసిన చోట్లు అని మూడు భాగాలుగా కాగితం మీద రాసుకొచ్చాను. ముందు తిండి.

చైనీస్ భాషలో 'మాంసం' అని ఊరికే అంటే పంది మాంసమనే అర్థం. మేక అయితే మేక అని, ఎద్దు అయితే ఎద్దు అని విడిగా చెప్పాలి. కాబట్టి 'మాంసం వద్దు' అని చెప్పి కూరగాయలు తెప్పించుకుంటే సరిపోదు. ఆ కూరగాయలు పంది కొవ్వులో వేగి ఉండవచ్చు. పులుసుకు అడుగున ఎముకల నీళ్ళు ఉండవచ్చు. వాసన పోవడానికి వంటసారా చిలకరించి ఉండవచ్చు. బేకరీ రొట్టెలో కూడా ఆ కొవ్వు ఉండవచ్చు. ఇక్కడున్న శాకాహార కుటుంబాలకు కూడా ఈ మాట పనికొస్తుంది. మీరు వెతకవలసిన మాట 'చింగ్‌జెన్'. శుద్ధం, సత్యం అని దాని అర్థం. అక్కడ హలాల్‌కు అదే మాట, మసీదుకు 'చింగ్‌జెన్ స' అని పేరు. ఆ రెండు అక్షరాలనూ ఫోనులో బొమ్మగా దాచుకోండి. 2019లో బీజింగ్‌లో హలాల్ దుకాణాల బోర్డుల మీద అరబ్బీ అక్షరాలు తీయించారు, కాబట్టి అరబ్బీ కోసం చూస్తూ నడిస్తే ఆకలితో తిరిగి వస్తారు. పాత దుకాణాల బోర్డు మీద ఇంకో గుర్తు ఉంటుంది. వజూకు, అంటే నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి, వాడే కొమ్ముచెంబు బొమ్మ. మా అమ్మ దాన్ని వీధి అవతలి నుంచే గుర్తుపట్టి, "అదుగో, మన చెంబు" అంది.

మా అమ్మ సంగతి తర్వాత చెప్పాలనుకున్నాను. వచ్చింది కాబట్టి ఎందుకు వెళ్ళామో చెబుతాను. మా అబ్బాయి జెంగ్‌జౌలో ఎంబీబీఎస్ చదివాడు. మన జిల్లాల నుంచి చైనాకు వెళ్ళి వైద్యం చదివిన పిల్లలు ఎందరో ఉన్నారు, ఈ సభలోనే ఇద్దరి తల్లులు కనిపిస్తున్నారు. వాడి చదువు పూర్తయిన ఏడాది, 2018 జులైలో నేను, మా వారు, అరవై తొమ్మిదేళ్ళ మా అమ్మ బయలుదేరాం. వాడొక్కడే మమ్మల్ని తిప్పలేడని ఒక పర్యటన సంస్థలో చేరాం. సంస్థ పేరు చెప్పను. వాళ్ళ పుస్తకంలో ప్రతి పేజీ మీదా 'ముస్లింలకు అనువైనది' అని ఆకుపచ్చ ముద్ర ఉంది.

ఆ ముద్రకు అర్థం ఏమిటో షియాన్ నగరంలో శుక్రవారం తెలిసింది. చైనా అంతటికీ ఒకటే గడియారం, బీజింగ్ గడియారం. షియాన్ పడమరగా ఉంటుంది కాబట్టి అక్కడ జులైలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో ఒంటిగంట కావస్తుంది. జుమా, అంటే శుక్రవారం మధ్యాహ్నం అందరూ కలిసి చేసే నమాజు, ఆ తర్వాతే. మా గైడు పన్నెండున్నరకు బస్సును పట్టు బట్టల దుకాణం ముందు ఆపి, "ఇంకా చాలా సమయం ఉంది" అన్నాడు. గంటన్నర అక్కడే ఉన్నాం. పట్టుపురుగుల గూళ్ళు చూపించారు, దుప్పట్లు చూపించారు, టీ ఇచ్చారు. మా బృందంలోని మగవాళ్ళు పదకొండు మంది ఆ దుకాణం గుమ్మం దగ్గర వాచీలు చూసుకుంటూ నిలబడ్డారు. మసీదుకు చేరేసరికి జనం చెప్పులు తొడుక్కొని బయటికి వస్తున్నారు. మా వారు ఒక్క మాట అనలేదు. ఆ రోజు రాత్రి అన్నం తినలేదు.

ఇది పొరపాటు కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. దుకాణానికి గంటన్నర కేటాయించి, నమాజును రెండు దుకాణాల నడుమ సందులో ఇరికించే యాత్రను ఏ పేరుతో పిలిచినా అది మన కోసం వేసిన యాత్ర కాదు. హలాల్ భోజనం పెట్టడం సులభం. రోజునే నమాజు వేళల చుట్టూ అల్లడం కష్టం. డబ్బు కట్టేవాళ్ళు అడగవలసింది ఆ రెండోదాన్ని.

మర్నాడు ఆ మసీదు చూశాం. షియాన్ పెద్ద మసీదు. ఎనిమిదో శతాబ్దం నాటిదని అక్కడి శాసనం చెబుతుంది. ఇప్పుడున్న కట్టడాలు చాలావరకు మింగ్ చక్రవర్తుల కాలానివి, 1392 తర్వాతివి. గుమ్మటం లేదు, మనం అనుకొనే మినారు లేదు. ఒకదాని వెనక ఒకటిగా ప్రాంగణాలు, చెక్క తోరణాలు, నీలి పెంకుల కప్పు. నడుమ ఎనిమిది మూలల గోపురం, దాని పేరు 'మనసును పరీక్షించుకొనే గోపురం'. పిల్లలకు చెప్పినట్టు మీకూ ఒక్క సంగతి చెబుతాను. చైనాలో రాజభవనమైనా ఆలయమైనా సాధారణంగా దక్షిణముఖంగా కడతారు. మసీదు మాత్రం తూర్పుముఖంగా ఉంటుంది. ఖిబ్లా, అంటే నమాజులో తిరగవలసిన మక్కా దిక్కు, అక్కడికి పడమర కదా; తూర్పు గుమ్మంలోంచి వచ్చినవాళ్ళు నేరుగా అటే తిరుగుతారు. కప్పు చైనాది, చెక్కడం చైనాది, తోట చైనాది. దిక్కు ఒక్కటే మక్కాది. ప్రార్థనశాల గోడలకు చెక్క పలకల మీద ఖురాన్ 30 భాగాలూ చెక్కి పెట్టారని మా వారు లోపలికి వెళ్ళి చూసి వచ్చి చెప్పారు. అమ్మా నేనూ ప్రాంగణంలో రాతి బల్ల మీద కూర్చున్నాం. అది మాకు అలవాటే.

బయట హుయీల వీధి. హుయీలు చైనీస్ మాట్లాడే ముస్లింలు, 2020 జనగణనలో కోటీ పదమూడు లక్షల మంది. అక్కడి మేకమాంసం పులుసులో రొట్టెను ఎవరి ముక్కలు వాళ్ళే తుంచుకోవాలి, శనగగింజంత. తుంచిన గిన్నెను వంటింట్లోకి తీసుకుపోయి పులుసులో ఉడికించి తెస్తారు. అమ్మ ముప్పావుగంట తుంచింది.

చూడవలసిన చోట్లు అని నా కాగితంలో ఏడు పేర్లు ఉన్నాయి. గ్వాంగ్‌జౌలో హువాయ్‌షెంగ్ మసీదు, నన్‌జింగ్‌లో మింగ్ కాలపు ముస్లిం నౌకాధిపతి జెంగ్ హో సమాధి కట్టడం, బీజింగ్‌లో న్యూజియే వీధి. ఆ వీధి మసీదు 996లో మొదలైందని చెబుతారు, నెలవంకను చూడడానికి కట్టిన మేడ అందులో ఉంది. వీటి గురించి పుస్తకాల్లో దొరుకుతుంది, వదిలేస్తాను. చువాన్‌జౌ ఒక్కటి వదలలేను. మార్కో పోలో జైతూన్ అన్న రేవు అదే. అక్కడి రాతి మసీదును 1009లో కట్టారు. అదే ఊళ్ళో 1281 నాటి తమిళ శాసనం దొరికింది, శివాలయపు రాళ్ళు దొరికాయి. ఆ రేవు నుంచి ఓడెక్కిన మార్కో పోలోయే మన మోటుపల్లి గురించి రాశాడు. ఇక్కడికి గంట ప్రయాణం. ఓడ పగిలి ఒడ్డుకు చేరిన వర్తకుల సొత్తును దోచుకోబోమని గణపతిదేవుడు అభయశాసనం వేయించిన మోటుపల్లి, 1244లో. పరదేశికి అభయం అన్న మాటను మన ఒడ్డునే రాతి మీద చెక్కారు. పిల్లలూ, బడి నుంచి మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళమని మీ మాస్టర్లను అడగండి. నేను రెండుసార్లే తీసుకెళ్ళగలిగాను.

ఇంకో మాట చెప్పకపోతే తప్పు చేసినదాన్నవుతాను. ఆ దేశంలో ఈ పదేళ్ళలో మసీదుల గుమ్మటాలు తీయించారు. యూనాన్‌లోని షాదియన్ పెద్ద మసీదుకు 2024లో తీసేశారు. పడమటి షిన్‌జియాంగ్‌లో వీగర్లు అనే ముస్లింలు పడిన బాధ ప్రపంచానికి తెలుసు. ఎన్నో మసీదులు మూతపడ్డాయి, నేలమట్టమయ్యాయి, లక్షల మందిని నిర్బంధించారు. అక్కడి కాష్గర్ నగరంలో నాట్యం చూపించి వెనక్కి తెచ్చే యాత్రలో నేను చేరను, మిమ్మల్ని చేరమని చెప్పను. మిగతా నగరాలకు వెళ్ళండి, కానీ అక్కడి మనుషులను ఇబ్బందిలో పెట్టే ప్రశ్నలు వీధిలో వెయ్యకండి. మనం వచ్చేస్తాం, వాళ్ళు అక్కడే ఉంటారు. పంచడానికి మతగ్రంథాలు తీసుకుపోకండి.

ఇప్పుడు కైఫెంగ్. అధ్యక్షుల వారు గడియారం చూపిస్తున్నారు. అయ్యా, నేను వచ్చిందే దీని కోసం. ఐదు నిమిషాలు ఇప్పించండి.

కైఫెంగ్ జెంగ్‌జౌకు పక్క ఊరు, ఒకప్పుడు సోంగ్ చక్రవర్తుల రాజధాని. మా పుస్తకంలో ఆ రోజు పొద్దున ఇనుప గోపురం అని ఉంది. నిజానికి అది ఇటుకల గోపురం, 1049 నాటిది, పదమూడు అంతస్తులు, పెంకుల రంగు వల్ల ఆ పేరు వచ్చింది. మధ్యాహ్నం షాపింగ్ అని ఉంది. మా అబ్బాయి వాళ్ళ అమ్మమ్మ చెవిలో ఏదో చెప్పాడు. ఆమె నావైపు తిరిగి, "ఆడవాళ్ళ మసీదు ఉందట" అంది. నాకు అర్థం కాలేదు. మసీదులో ఆడవాళ్ళకు గది ఉందేమో అనుకున్నాను. "గది కాదు. మసీదే ఆడవాళ్ళదట" అంది.

వాంగ్‌జియా హూతుంగ్ అనే సందు. 1820లో మొదలైన ఆడవాళ్ళ మసీదు అక్కడ ఉంది. మధ్య చైనాలో ఇలాంటివి ఎన్నో ఏర్పడ్డాయి. మొదట ఇవి ఆడపిల్లలకు దీన్, అంటే మతధర్మం, నేర్పే బడులు. తల్లికి రాకపోతే పిల్లలకు ఎలా వస్తుందని ఆ కాలపు పెద్దలు ఆలోచించారు. బడి మెల్లగా మసీదు అయింది. చదువు చెప్పే ఆమె ఆహోంగ్, అంటే నమాజు నడిపే గురువు, అయింది. ఆఖూన్ద్ అనే పారశీక మాట వాళ్ళ నోట అలా మారింది. అది మన వీధి ఇళ్ళలాంటి ఇల్లే. చిన్న వాకిలి, బూడిద రంగు ఇటుక గోడ, నీళ్ళ గది, వరుసగా కొమ్ముచెంబులు. మా వారూ అబ్బాయీ సందు మొదట్లోనే ఆగిపోయారు.

లోపల తొమ్మిది మంది ముసలమ్మలు ఉన్నారు, తెల్లని టోపీలు, తలగుడ్డలు. మాకు వాళ్ళ భాష రాదు, వాళ్ళకు మాది రాదు. అమ్మ సలాం చెప్పింది. వాళ్ళు సలాం చెప్పారు. ఒకావిడ నీళ్ళ గది చూపిస్తూ "నైమాజీ?" అని అడిగింది. అమ్మ నా చేయి పట్టుకొని, "నమాజు అంటోంది" అంది. ఇద్దరిదీ పారశీకం నుంచి వచ్చిన మాటే. పొద్దుటి నమాజు నుంచి రాత్రి నమాజు దాకా హుయీలు ఇప్పటికీ పారశీక పేర్లతోనే పిలుస్తారని తర్వాత చదివి తెలుసుకున్నాను.

ఆహోంగ్ వచ్చింది. ముందుకు వెళ్ళి ఒంటరిగా నిలబడలేదు. వరుసలోనే మధ్యలో నిలబడింది. ఆమెకు ఒక పక్కన మా అమ్మ. నమాజు పద్ధతుల్లో వాళ్ళదీ హనఫీ పద్ధతే, మనదీ హనఫీ పద్ధతే. చేతులు కట్టుకోవడం ఒకటే, వంగడం ఒకటే, నుదురు నేలకు ఆన్చే సజ్దా ఒకటే. అమ్మ ఎక్కడా తడబడలేదు. అరవై తొమ్మిదేళ్ళ వయసులో, మసీదులో, జమాతుతో, అంటే అందరితో కలిసి, మొదటి నమాజు. మన వీధి మసీదు మా ఇంటికి మూడు ఇళ్ళ అవతల ఉంది. పుట్టినప్పటి నుంచి ఆ అజాన్ విన్నది. యాభై రంజాన్లకు ఇఫ్తారు గంజి కాచి పంపింది. నమాజుకు పరిచే జానిమాజులు ఉతికి ఎండబెట్టింది. ఒక్కనాడూ గడప దాటలేదు.

నమాజు అయ్యాక పక్కనున్నావిడ అమ్మ చేయి రెండు చేతుల్లోకి తీసుకొని "దోస్తీ" అంది. హుయీలు తమవాళ్ళను అలా పిలుచుకుంటారు. దానికి తర్జుమా చేసేవాళ్ళు అక్కరలేకపోయింది. బాదం టీ తెచ్చి ఇచ్చారు.

ఆ రాత్రి హోటల్లో అమ్మ నన్ను లేపింది. ఒంట్లో బాగోలేదేమోనని కంగారుపడ్డాను. "మీ నాన్న పేరు మీద మన మసీదుకు ఫ్యాను ఇచ్చాం కదా. అది ఎక్కడ బిగించారో నేను చూడలేదు" అంది. అంతే చెప్పి అటు తిరిగి పడుకుంది.

2021లో అమ్మ పోయింది. ఫ్యాను చూడలేదు.

మసీదు కమిటీ పెద్దలు ఈ సభలో ముందు వరుసలోనే ఉన్నారు. మీలో ఇద్దరు నా దగ్గర చదువుకున్నారు. మిమ్మల్ని నొప్పించాలని నేను లేవలేదు. మన రాష్ట్రాల్లోనూ కొన్ని మసీదుల్లో ఆడవాళ్ళకు చోటు ఇస్తున్నారని నాకు తెలుసు. మన దగ్గర వెనక గది ఖాళీగానే ఉంది, దానికి విడి తలుపు ఉంది, కుళాయి ఉంది. దాని తాళం అడుగుతున్నాను. నాతో పాటు పద్దెనిమిది మంది సంతకాలు పెట్టారు. ఆ కాగితం సభ అయ్యాక ఇస్తాను.

ఇక యాత్ర వేసిన పెద్దలకు. అన్నయ్యా, మీ కరపత్రం మంచి కాగితం మీద, మంచి మనసుతో వేశారు. శుక్రవారం షియాన్‌లో మధ్యాహ్నమంతా ఖాళీగా ఉంచండి. గైడుగా హుయీ మనిషినే అడగండి. ఐదో రోజు కైఫెంగ్ పెట్టారు, సంతోషం. ఆ మధ్యాహ్నానికి ఎదురుగా 'షాపింగ్' అని ఉంది. నా ప్రతిలో దాన్ని కొట్టేసి, పైన 'వాంగ్‌జియా హూతుంగ్, ఆడవాళ్ళు మాత్రమే, రెండు గంటలు' అని రాశాను. వెళ్ళేముందు వాళ్ళకు కబురు పంపి, అనుమతి అడిగి వెళ్ళండి. ఇదిగో, ఈ కాగితం మీకు ఇచ్చి కూర్చుంటాను.