చిన్నమ్మ చాయ్, ఎనిమిది గ్లాసులు

శ్రోతలకు నమస్కారం. పోయిన బతుకమ్మ పండుగకు పరకాల దగ్గర మా ఊరికి పోయినప్పుడు మా చిన్నమ్మతో నాకో పందెం పడింది, ఇవాళ నేను చెప్పాలనుకున్నదంతా ఆ పందెంలోనే ఉంది కాబట్టి ముందు అదే చెప్తాను. పొద్దున్నే గ్యాస్ మీద చాయ్ పెడుతుంటే వచ్చి, "గ్యాస్ మీది చాయ్‌కి రుచెక్కడిది రా, కట్టెల పొయ్యి మీద కాగిందైతే నోట్లె పెట్టంగనే చెప్త" అన్నది. ఎన్నో ఏళ్లు బీఈడీ, ఎంఈడీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పినవాణ్ని, ఊకుంటానా?

ఒకే పాలు, ఒకే చాయ్‌పత్తా, చక్కెర కూడా ఒకే చెంచాతో కొలిచి వేశాం. పొయ్యి మీది చాయ్ నాలుగు గ్లాసులు, గ్యాస్ మీది నాలుగు, అన్నీ ఒక్క తీరు స్టీలు గ్లాసులే. పొయ్యి మీది గిన్నెకు పొగ వాసన పడుతుంది కదా, అందుకని గిన్నెలు రెండూ వెనక గదిలోనే ఉంచి అక్కడే పోశాను, ఏ గ్లాసు ముందు పోవాలో చీటీలు తీసి తేల్చాం. గ్లాసులు తీసుకుపోయే మా మేనకోడలికి ఏది ఏదో చెప్పనే లేదు, ఎందుకంటే తెచ్చేవాళ్ల మొఖం చూసే సగం సంగతి పసిగట్టే మనిషి మా చిన్నమ్మ. నాలుగు ఇవి, నాలుగు అవి అన్న ముక్క మాత్రం చిన్నమ్మకు ముందే చెప్పి, అందులో పొయ్యి మీది నాలుగు ఏవో ఏరమన్నాను.

ఇది నా బుర్రలో పుట్టిన పరీక్ష కాదు. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో రోనాల్డ్ ఫిషర్ పనిచేసేవాడు. అక్కడే ఉన్న మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త, కప్పులో ముందు పాలు పోశారో టీ పోశారో తాగి చెప్పగలనన్నది. ఆ ముచ్చట పట్టుకుని ఎనిమిది కప్పులతో ఎట్లా పరీక్షించాలో ఫిషర్ 1935లో తన పుస్తకంలో లెక్క కట్టి చూపించాడు. మనస్తత్వశాస్త్రంలో, విద్యా పరిశోధనలో ఇవాళ్టికీ వాడుతున్న పద్ధతికి మూలాలు ఇట్లాంటి చోట్లనే ఉన్నాయి, అంటే పొలాల్లో, టీ బల్ల దగ్గర. రెండు గుంపుల సగటుల మధ్య తేడా అదృష్టం కొద్దీ వచ్చిందేనా అని చూసే టి-పరీక్ష అయితే ఏకంగా బీరు ఫ్యాక్టరీలోంచి వచ్చింది, డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసే గాసెట్ 1908లో 'స్టూడెంట్' అన్న మారుపేరుతో దాన్ని అచ్చువేశాడు. ఇవాళ ఎంఈడీ పిల్లలు ఆ టి-పరీక్ష పేరు చెప్తే చాలు టెన్షన్ పడతారు.

సరే, లెక్కకొద్దాం. చిన్నమ్మకు నిజంగా ఏమీ తెలియదు, ఊరికే గుడ్డిగా చెప్తోంది అని ముందు అనుకోవాలి. దీన్నే శూన్య పరికల్పన అంటారు. మనం నమ్మేది అదే అని కాదు, లెక్క మొదలుపెట్టడానికి ఒక చోటు కావాలి కాబట్టి అట్లా అనుకుంటాం. ఎనిమిది గ్లాసుల్లోంచి నాలుగు ఏరడానికి 70 తీర్లున్నాయి. అందులో నాలుగూ కరెక్టయ్యేది ఒక్కటే, అంటే గుడ్డిగా చెప్పి అన్నీ కలిసిరావడానికి నూటికి ఒకటిన్నర పాళ్లు కూడా అవకాశం లేదు. అట్లా జరిగితే "ఇది ఉత్త అదృష్టం అయ్యుండదు" అనడానికి మనకు ధైర్యం వస్తుంది. మూడు కరెక్టయ్యే తీర్లు 16 ఉన్నాయి, నాలుగూ కరెక్టయ్యేది కూడా కలిపితే 17, డెబ్భైలో పదిహేడు అంటే నూటికి 24. ఈ అంకెనే పి-వాల్యూ అంటారు. ఏమీ తెలియని మనిషి అయితే ఇంత బాగా, లేదా ఇంతకన్నా బాగా చెప్పడానికి అవకాశం ఎంత, అన్నదే దాని అర్థం. చిన్నమ్మ చెప్పింది నిజమయ్యే అవకాశం ఎంత అన్నది కాదు! పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు, మొదట్లో నేనూ అనుకున్నాను.

చిన్నమ్మ మూడు చెప్పింది. "నాల్గింట్ల మూడు చెప్పిన, ఇంకేం గావాలె నీకు?" అని కొంగు దోపుకుని నిలబడింది. అందరూ వాడే గీత నూటికి ఐదు, అంటే 0.05. పి-వాల్యూ ఆ గీతకన్నా కిందికి వస్తేనే శూన్య పరికల్పనను కొట్టేస్తారు, ఆ ఫలితాన్ని 'సార్థకం' అంటారు. ఈ ఐదు ఆకాశంలోంచి ఊడిపడిందేం కాదు, ఇరవైలో ఒకటి అయితే వాడుకకు వీలుగా ఉంటుందని 1925లో ఫిషరే రాశాడు, జనం దాన్ని శిలాశాసనం చేసుకున్నారు. 24 ఆ గీతకు చాలా పైన ఉంది కాబట్టి శూన్య పరికల్పనను కొట్టేయలేం. మరి చిన్నమ్మకు తేడా తెలియదని తేలినట్టేనా? తేలలేదు. ఎనిమిది గ్లాసుల పరీక్షలో ఒక్క గ్లాసు అటూ ఇటూ మారినా ఫెయిలే, నిజంగా తెలిసినవాళ్లు కూడా అందులో తప్పిపోవచ్చు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. నేను గైడ్‌గా ఉన్న మొదట్లో ఒకమ్మాయి తన థీసిస్‌లో, "టి విలువ 1.96 కన్నా తక్కువ వచ్చింది కావున బాలురకు, బాలికలకు మధ్య తేడా లేదని రుజువైనది" అని రాస్తే నేను సంతకం పెట్టి పంపించాను. ఆ 1.96 అన్నది నూటికి ఐదు గీతకు టి-పరీక్షలో వాడే అంకె. తేడా లేదని రుజువు ఎక్కడైంది? ఆమె చూసింది హన్మకొండలో ఒక్క బడిలో నలభై మందిని. వంద మార్కుల పరీక్షలో బాలికలు ఇరవై మంది, బాలురు ఇరవై మంది ఉండి, మార్కుల ప్రామాణిక విచలనం, అంటే మార్కులు సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, 15 ఉందనుకుంటే, ఎనిమిది మార్కుల తేడా వచ్చినా సార్థకం కాదు, అదే అటు పదివేల మందిని ఇటు పదివేల మందిని తీసుకుంటే అర మార్కు తేడా కూడా సార్థకమని పట్టికలో చుక్క పడుతుంది. అర మార్కు కోసం సిలబస్ మారుస్తామా ఎవరమైనా? అందుకే తేడా ఉందా లేదా అని మాత్రమే కాకుండా ఎంత ఉంది అని కూడా రాయమని జేకబ్ కోహెన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త తలబాదుకుని చెప్పాడు. మన దగ్గర థీసిస్ పట్టికల్లో ఆ 'ఎంత' అన్న కాలమ్ ఖాళీగానే ఉంటుంది.

నాకు ఇంతకన్నా చిరాకు తెప్పించేది ఇంకొకటి ఉంది. లెక్కల మీద వైఖరి అనో, చదువు మీద ఆసక్తి అనో ఒక ప్రశ్నావళి పంచుతారు, తర్వాత ఆడ-మగ, పల్లె-పట్నం, సర్కారు బడి-ప్రైవేటు బడి, తెలుగు మీడియం-ఇంగ్లిష్ మీడియం, తండ్రి చదువు, తల్లి చదువు, ఇట్లా ఇరవై పరికల్పనలు వరుసగా పరీక్షిస్తారు. ఎక్కడా ఏ తేడా లేకపోయినా, ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షల్లో ఒక్కటైనా అదృష్టం కొద్దీ సార్థకమని రావడానికి నూటికి 64 పాళ్లు అవకాశం ఉంది. ఒకబ్బాయి పరుగెత్తుకొచ్చి "సార్, ఒకటి తగిలింది!" అన్నాడు, వలలో చేప పడ్డట్టు. మిగతా పంతొమ్మిదింటి మాట ముగింపులో ఒక్క వాక్యం కూడా లేదు.

ఇది మన దగ్గరి రోగమే అనుకోకండి. మనస్తత్వశాస్త్రంలో పేరున్న పత్రికల్లో వచ్చిన వంద పరిశోధనలను చాలామంది కలిసి మళ్లీ చేసి చూసి 2015లో ఫలితం ప్రకటించారు. మొదటిసారి వాటిలో 97 శాతం సార్థకమని వచ్చినవే, మళ్లీ చేస్తే 36 శాతమే నిలబడ్డాయి.

పండుగ నుంచి తిరిగొచ్చాక కాజీపేటలో దిగి ఇంటికి పోతూ బస్సులో కూర్చుని మళ్లీ లెక్క వేశాను. ఎనిమిది కాక పన్నెండు గ్లాసులు పెడితే, ఆరు ఏరడానికి 924 తీర్లు అవుతాయి, అందులో అన్నీ కరెక్టయ్యేది ఒకటి, ఐదు కరెక్టయ్యేవి 36. మొత్తం 37, అంటే నూటికి నాలుగు. అంటే ఈసారి చిన్నమ్మ ఒక గ్లాసు తప్పు ఏరినా నెగ్గుతుంది. వెంటనే ఫోన్ చేసి సంక్రాంతికి మళ్లీ పెట్టుకుందామా అని అడిగాను.

"పన్నెండు గ్లాసుల చాయ్ తాగితే రాత్రి నిద్ర నీకు పడ్తదా, నాకు పడ్తదా?" అన్నది.