8:15 బస్సు నుంచి వెనక్కి: చిన్నపిల్లలున్న ఉద్యోగినుల ఉదయం

[దృశ్యం: నల్లగొండలో ఒక ఇంటి వంటగది. గోడ గడియారంలో 6 గంటలు. పొయ్యి మీద చాయ్ మరుగుతోంది.]

వ్యాఖ్యానం: నమస్కారం. పొద్దున్నే బడికో, బ్యాంకుకో, ఆసుపత్రి డ్యూటీకో బయలుదేరవలసిన తల్లికి అందరూ ఇచ్చే మొదటి సలహా "ఇంకో గంట ముందు లేవమ్మా" అన్నదే. ఈ వీడియోలో ఆ సలహా ఇవ్వబోవడం లేదు. రాత్రి పదకొండింటికి నడుము వాల్చి తెల్లవారుజామున నాలుగున్నరకే లేచిన మనిషి మధ్యాహ్నానికే నీరసపడి, సాయంత్రం పిల్లల మీద విసుక్కుంటుంది కాబట్టి, అలా కలిసొచ్చిన గంట ఏదో ఒక రూపంలో ఖర్చయిపోతూనే ఉంటుంది. నిజానికి పొద్దుటి సమయాన్ని వంట కన్నా వెతుకులాటే ఎక్కువగా తినేస్తుంది. ఏం వండాలి, రెండో సాక్సు ఎక్కడుంది, డైరీలో సంతకం పెట్టామా లేదా అన్న ప్రశ్నలన్నీ ఉదయం ఏడింటికే ఎందుకు పుట్టాలి? వాటిని ముందురోజు రాత్రే తేల్చేసుకోవచ్చు.

[తెరపై: ఒక గీత. కుడి చివర 8:15. అక్కడి నుంచి ఎడమకు సమయాలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి.]

వ్యాఖ్యానం: ఒక ఉదాహరణ తీసుకుందాం. నల్లగొండలో ఉంటూ నకిరేకల్ వైపు బడిలో పాఠాలు చెప్పే ఒక ఉపాధ్యాయురాలికి 8:15కు బస్సు ఉందనుకుందాం. పెద్దపాపకు నాలుగేళ్లు, ఆమె ఆటో 8 గంటలకు వస్తుంది. చిన్నవాడికి ఏడాదిన్నర, వాడు నానమ్మ దగ్గర ఉంటాడు. చాలామంది లేచే సమయం నుంచి ముందుకు లెక్క వేసుకుంటారు, అందుకే చివర్లో సమయం చాలదు. బస్సు సమయం నుంచి వెనక్కి వెళ్లి చూడండి. పాపతో సహా గడప దాటవలసింది 7:55కు, అంటే బట్టలు, జడ, బూట్లు 7:45కల్లా పూర్తి కావాలి. నాలుగేళ్ల పిల్ల నెమ్మదిగా తింటుంది, ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. అది తగ్గదు, తగ్గించాలని చూస్తే ఏడుపుతో ఇంకో పది నిమిషాలు పోతాయి. అందుచేత పళ్లెం ముందు కూర్చోవలసింది 7:15కు, నిద్ర లేవవలసింది 6:40కి. తల్లి 6 గంటలకు లేస్తే సరిపోతుంది.

పాప 6:40కి తనంతట తాను కళ్లు తెరవాలంటే రాత్రి నిద్ర సరిపోవాలి. మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటలు, ఏడాది నుంచి రెండేళ్ల వారికి పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటలు నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. తొమ్మిదిన్నర సీరియల్ అయ్యేదాకా పిల్లలు మేలుకుని ఉండే ఇంట్లో ఈ ప్రణాళిక పనిచేయదని నిర్మొహమాటంగా చెప్పాలి.

[దృశ్యం: రాత్రి 8:30. గోకరకాయల ఈనెలు తీస్తున్న చేతులు. పక్కన మూత ఉన్న డబ్బా.]

వ్యాఖ్యానం: ఇక రాత్రి పనులు. గోకరకాయ, చిక్కుడుకాయ ఈనెలు తీసి తుంచడానికి చాలా సమయం పడుతుంది కాబట్టి వాటిని రాత్రే తుంచి, తడి లేకుండా మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు. వంకాయ, ఆలుగడ్డ మాత్రం ముందే తరిగితే నల్లబడతాయి, వాటిని పొద్దున్నే తరుక్కోవాలి. కందిపప్పు నానబెట్టి ఉంచితే త్వరగా ఉడుకుతుంది. కుక్కర్‌లో అడుగున పప్పు, పై గిన్నెలో బియ్యం పెట్టి ఒకేసారి ఉడికిస్తే ఒక పొయ్యి ఖాళీగా మిగులుతుంది. ఉప్మా రవ్వను ఆదివారమే నూనె, ఆవాలు, మినపపప్పు, ఎండుమిర్చితో వేయించి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పోసుకుంటే వారమంతా మరిగే నీళ్లలో పోసి కలపడమే మిగులుతుంది.

[దగ్గరి దృశ్యం: చిన్న గిన్నెలో చల్లటి నీళ్లలో రాగిపిండి కలుపుతున్న గరిటె.]

వ్యాఖ్యానం: చిన్నవాడికి రాగి జావ కాచేటప్పుడు చాలామంది పిండిని నేరుగా మరిగే నీళ్లలో వేస్తారు, ఉండలు కట్టాక వాటిని చిదమడానికే తంటాలు పడతారు. రెండు చెంచాల పిండిని ముందుగా చల్లటి నీళ్లలో పలచగా కలిపి, దాన్ని మరిగే నీళ్లలో సన్నటి ధారగా పోస్తూ తిప్పాలి. అయిదారు నిమిషాలకు పచ్చివాసన పోయి, చెంచా వెనుక పలుచని పొరలా అంటుకుంటుంది. అప్పుడు దించి, పాలు కలపాలి.

మహబూబ్‌నగర్, నారాయణపేట వైపు ఇళ్లలో పొద్దున్నే జొన్న రొట్టె చేయడం అలవాటు. వేడినీళ్లతో పిండి తడిపి, చేత్తో తట్టి, ఒక్కొక్కటిగా కాల్చే ఆ పని హడావుడి ఉదయానికి కుదరదు. రాత్రి భోజనానికి చేసేటప్పుడే రెండు ఎక్కువ కాల్చి గుడ్డలో చుట్టి ఉంచితే తల్లి ఉదయపు ఆకలి తీరుతుంది. అన్నట్టు, పిల్లల డబ్బాలన్నీ నింపి తాను మాత్రం ఖాళీ కడుపుతో బస్సెక్కే తల్లులు మన జిల్లాల్లో చాలామందే ఉన్నారు. ఈ ప్రణాళికలో తల్లి తినే పది నిమిషాలు కూడా లెక్కలోనే ఉన్నాయి.

చాయ్ సంగతి కూడా చెప్పుకోవాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించగా 2024లో విడుదలైన ఆహార మార్గదర్శకాలు, భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు తాగవద్దని సూచించాయి, ఎందుకంటే వాటిలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. ఆరింటికి చాయ్ తాగి, ఏడున్నరకు రొట్టె తినే తల్లికి ఇబ్బంది లేదు. పిల్లలకు చాయ్‌లో బిస్కెట్ ముంచి ఇచ్చి అదే టిఫిన్ అనుకోవడం మాత్రం మానుకోవాలి.

[దృశ్యం: నల్లా దగ్గర నీళ్ల బాటిల్ నిండుతోంది.]

వ్యాఖ్యానం: నల్లగొండ జిల్లాలో నీళ్ల గురించి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. మర్రిగూడ, మునుగోడు వంటి ప్రాంతాలు బోరు నీటిలోని ఫ్లోరైడ్ వల్ల దశాబ్దాల పాటు బాధపడ్డాయి. నీళ్లను మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరిన కొద్దీ దాని పాళ్లు పెరుగుతాయి కూడా. అందుకే తాగడానికే కాక వంటకూ, పిల్లల బాటిల్‌కూ శుద్ధి చేసిన మిషన్ భగీరథ నీళ్లనే వాడాలి. ఆ నల్లా ఏ వేళకు వస్తుందో చూసుకుని రాత్రికే పట్టి ఉంచుకుంటే పొద్దున ఆ ఆదుర్దా ఉండదు. పిల్లలు టూత్‌పేస్టును మింగేస్తుంటారు కాబట్టి మూడేళ్లలోపు వారికి బియ్యపుగింజంత, ఆరేళ్లలోపు వారికి బఠాణీ గింజంత మాత్రమే వేయాలి.

[దృశ్యం: తండ్రి పాపకు బొత్తాలు పెడుతున్నాడు.]

వ్యాఖ్యానం: ఇంట్లోని మగవారు "ఏం సాయం చేయాలో చెప్పు" అని అడగడం మంచిదే, కానీ చెప్పడం కూడా తల్లికి ఒక పనే. ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా అప్పగించండి. పాపను లేపడం, పళ్లు తోమించడం, స్నానం, బట్టలు అన్నీ తండ్రివైతే, తువ్వాలు ఎక్కడుందో, యూనిఫాం ఉతికి ఉందో లేదో రాత్రే చూసుకోవలసిన బాధ్యత కూడా ఆయనదే. ఆయన వేసిన జడ వంకరగా ఉంటే ఉండనివ్వండి.

జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లోని ఫ్యాక్టరీల్లో మొదటి షిఫ్టుకు వెళ్లేవారికి, పత్తి ఏరడానికి ఆటోల్లో చీకటితోనే బయలుదేరేవారికి ఈ లెక్క సరిపోదు, ఎందుకంటే పిల్లలు లేచేసరికే వారు ఇల్లు దాటుతారు. వారికి రాత్రి ఏర్పాట్లే దిక్కు. మూడేళ్లు నిండిన పిల్లలకు అంగన్‌వాడీలో మధ్యాహ్న భోజనం, గుడ్డు పెడతారు కాబట్టి డబ్బా కట్టే పని తప్పుతుంది. ఒక జత బట్టలు సంచిలో పెడితే చాలు.

గడప దగ్గర ఒక సంచి ఉంచి, తాళం చెవి, ఫోను, ఆధార్ కార్డు రాత్రే అందులో వేసుకోండి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉన్నా, గుర్తింపు కార్డు చూపితేనే కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు. కిక్కిరిసిన బస్సులో నిలబడి కార్డు కోసం సంచి తడుముకోవడం ఎంత కష్టమో తెలిసిందే.

[తెరపై: మార్చి నెల క్యాలెండర్.]

వ్యాఖ్యానం: మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవగానే బడి 8 గంటలకే కాబట్టి ఈ లెక్కలోని వేళలన్నీ ఇంకాస్త పెందలాడే అవుతాయి. వారం ముందు నుంచే పిల్లల్ని రోజుకు పది నిమిషాల చొప్పున తొందరగా పడుకోబెట్టండి. ఎండల్లో అన్నం డబ్బాను పొగలు కక్కుతుండగా మూయకుండా కాస్త ఆరనివ్వాలి. పెరుగన్నం పుల్లబడకుండా ఉండాలంటే అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు మాత్రం కలిపితే తినే వేళకు తోడుకుంటుంది. బడి వదిలి మధ్యాహ్నం పన్నెండున్నర తర్వాత ఇంటికి చేరే బిడ్డకు తలుపు ఎవరు తీస్తారో మాత్రం ఫిబ్రవరిలోనే మాట్లాడి పెట్టుకోండి.