అన్నా మన్యానీ: లారీ వెంట పరిగెత్తిన ఆ ఒక్క సీను

[స్క్రీన్ మీద: నలుపు తెలుపు క్లిప్]

ముందు ఈ సీను చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం చేతిలో ఉన్న రోమ్. ఆ రోజే పెళ్లి కావాల్సిన పీనా కళ్ల ముందే కాబోయే భర్తను లారీ ఎక్కించేస్తారు. కడుపుతో ఉన్న మనిషి, సైనికుల్ని తోసేసి, అతని పేరు పెట్టి అరుస్తూ వెంట పరిగెడుతుంది. తుపాకీ పేలుతుంది, నడిరోడ్డు మీద కూలిపోతుంది. సినిమా ఇంకా సగం ఉండగానే!

ఇది 1945లో ఇటలీ డైరెక్టర్ రోసెల్లినీ తీసిన 'రోమ్, ఓపెన్ సిటీ'. అంతకుముందు ఏడాది మార్చిలో రోమ్‌లోనే తెరెసా గుల్లాచె అనే గర్భిణిని జర్మన్లు కాల్చి చంపారు, పీనా పాత్ర అక్కడి నుంచే పుట్టింది. ఆ పాత్ర చేసిన ఇటలీ నటి అన్నా మన్యానీకి అప్పటికే 37 ఏళ్లు.

1908లో పుట్టింది. తండ్రి ఎవరో తెలియదు, తల్లి ఈజిప్టు వెళ్లిపోతే అమ్మమ్మే పెంచింది. క్యాబరేల్లో పాడింది, కమెడియన్ తోతోతో స్టేజీ షోలు చేసింది. కళ్ల కింద నలుపు, చెదిరిన జుట్టు, అప్పటి గ్లామర్ లెక్కల్లో ఎక్కడా పడని ముఖం. నన్నడిగితే ఆమె బలమంతా అదే.

[స్క్రీన్ మీద: రెండు అగ్నిపర్వత దీవుల మ్యాప్]

ఇక అసలు డ్రామా. ఆమెతో కలిసి ఉంటున్న రోసెల్లినీ, హాలీవుడ్ స్టార్ ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ వైపు వెళ్లిపోయాడు. 1949లో సిసిలీ దగ్గర స్ట్రోంబోలీ దీవిలో బెర్గ్‌మన్‌తో సినిమా తీస్తుంటే, పక్కనే వుల్కానో దీవిలో మన్యానీ పోటీగా ఇంకో సినిమా! పేపర్లకు పండగే. తీరా 1950 ఫిబ్రవరి 2న మన్యానీ సినిమా ప్రీమియర్ జరుగుతుంటే, బెర్గ్‌మన్‌కు కొడుకు పుట్టాడని కబురొచ్చింది, విలేకరులంతా అటు పరిగెత్తారు. కడుపు మండదా చెప్పండి?

కానీ ఆమె అక్కడితో ఆగలేదు. అమెరికన్ నాటక రచయిత టెన్నెసీ విలియమ్స్ 'ద రోజ్ టాటూ' నాటకాన్ని ఈమెనే మనసులో పెట్టుకుని రాశాడు, ఇంగ్లిష్ సరిగ్గా రాదని న్యూయార్క్ బ్రాడ్‌వే స్టేజీ మీద చేయనంది, 1955లో సినిమాగా తీస్తే మాత్రం చేసి ఉత్తమ నటి ఆస్కార్ కొట్టింది. ఇటలీ నటికి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. ఫంక్షన్‌కి కూడా వెళ్లలేదు, రోమ్‌లోనే ఉండిపోయింది.

1973లో క్యాన్సర్‌తో పోయింది. చివరి రోజుల్లో పక్కన ఉన్నది మళ్లీ ఆ రోసెల్లినీయే, ముందు సమాధి చేసింది కూడా రోసెల్లినీ కుటుంబ సమాధిలోనే.

కొత్తగా చూసేవాళ్లు విస్కోంతి తీసిన 'బెల్లిస్సిమా' (1951)తో మొదలుపెట్టండి. కూతుర్ని సినిమాల్లో పెట్టాలని ఆరాటపడే తల్లి కథ. పజోలినీ 'మామ్మా రోమా' (1962) ఆ తర్వాత, తీరిగ్గా.