సముద్రం లేని ఊళ్ళో సముద్రం సినిమాలు

అందరికీ నమస్కారం.

హైదరాబాద్‌లో సముద్రం గురించిన డాక్యుమెంటరీలు వేస్తామంటే మొదట వినపడే మాట, "మనకెక్కడిదండీ సముద్రం?" అని. న్యాయమైన ప్రశ్నే. కానీ మనం వెళ్ళకపోయినా మన మూసీ వెళుతోంది. అనంతగిరి కొండల్లో పుట్టి, ఊరి మధ్యగా పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి, హంసలదీవి దగ్గర సముద్రం దాకా పోతోంది. దారిలో పులిచింతల, ప్రకాశం బ్యారేజీ ఉన్నాయి కాబట్టి మనం పారేసిన కవర్లన్నీ సముద్రం చేరతాయని నేననను. వరదొచ్చి గేట్లెత్తితే మాత్రం వాటిని ఆపేదెవరు?

ఇంకో సంగతి. 2004 సునామీ తర్వాత దేశం మొత్తానికి హెచ్చరికలు పంపే కేంద్రం ఎక్కడ పెట్టారనుకున్నారు? చెన్నైలో కాదు, విశాఖలో కాదు, మన ప్రగతినగర్ దగ్గర, ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థలో. 2007 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. ఉపగ్రహాలతో సముద్రపు వేడి, నీటి రంగు చూసి, చేపలు ఏ వైపు ఉండొచ్చో జాలర్లకు కబురు పంపేదీ అక్కడినుంచే. సినిమా అయ్యాక మాట్లాడటానికి మనిషి కావాలంటే ముందు ఆ గేటు తట్టండి, బొంబాయికి తర్వాత ఫోన్ చెయ్యొచ్చు.

ఇక అసలు విషయం, ఏ సినిమా, ఎవరికి? మన అలవాటేమిటంటే ఏసీ హాల్లో గంటన్నర ఇంగ్లీషు సినిమా, అదీ ముందే ఒప్పుకున్నవాళ్ళకి. నీలం నీళ్ళు, పగడాల దిబ్బలు, చివర్లో పియానో. "అద్భుతం" అనుకుంటూ కార్లెక్కుతాం. ఆ సినిమాలు చెడ్డవని కాదు. వాటిలో కొన్ని చేపలు పట్టేవాణ్ణే దొంగగా నిలబెడతాయి, అదీ నా గొడవ. చేపల మీద బతికే ఇళ్ళున్న బస్తీలో అలాంటిది వేస్తే జనం మధ్యలోనే లేచిపోతారు. లేవడమే న్యాయం.

సినిమా ఏం చెయ్యగలదో ఒక ఉదాహరణ చెబుతాను. 2000లో డాక్యుమెంటరీ దర్శకుడు మైక్ పాండే 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' తీశారు. గుజరాత్ తీరంలో వేల్ షార్కుల వేట గురించి. 40 అడుగుల దాకా పెరిగే చేప అది, మనిషి జోలికి రాదు. కాలేయం నూనె కోసం, మాంసం ఎగుమతి కోసం కొక్కేలేసి లాక్కొచ్చేవారు. 2001లో కేంద్రం దాన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూలులో చేర్చింది. చాలామంది కథ ఇక్కడితో ఆపేస్తారు. నాకు తర్వాతి భాగమే ఇష్టం. చట్టం వచ్చింది కదా అని, చిక్కిన చేపను వదలడానికి సొంత వల ఎవరు కోసుకుంటారు? 2004లో ఆ చేపను కాపాడాలన్న ప్రచారం మొదలైనప్పుడు కథావాచకులు మొరారీ బాపు ఆ చేపను పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్ల అన్నారు. తెగిన వలకు గుజరాత్ ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. అప్పుడు జాలర్లు వలలు కోశారు. ఇందులో సినిమా వాటా ఎంతో, చేతికందిన డబ్బు వాటా ఎంతో మీరే తేల్చుకోండి. అన్నట్టు, ఆ వేరావల్ రేవులో పడవలెక్కేవాళ్ళలో మన శ్రీకాకుళం వాళ్ళు బోలెడుమంది.

ఒక బస్తీ కమ్యూనిటీ హాల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళ మీద చిన్న సినిమా వేశాం. గోడకి తెల్ల దుప్పటి, కింద చాపలు. సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో ఉన్నాయని సౌండ్ తగ్గించి, మాలో ఒకమ్మాయి మైకులో తెలుగులో చెబుతూ పోయింది. ట్రాల్ వలలో చిక్కి చచ్చిన తాబేలు ఒడ్డుకు కొట్టుకొచ్చే చోట, చేపలమ్మే ఒకావిడ చెయ్యెత్తింది. "నీళ్ళల్ల ఉండేది నీళ్ళల్ల మునిగి సచ్చుడేంది బిడ్డా?"

సినిమా ఆపేశాం. తాబేలుకి మొప్పలుండవు, గాలి కోసం పైకి రావాలి. ట్రాల్ వలను గంటల తరబడి ఈడుస్తారు, లోపల చిక్కితే పైకి రాలేదు. ఇంత చెప్పేసరికి వెనకనుంచి ఒకాయన, "మరి వలకి దారి పెట్టరా?" అన్నాడు. ఆ దారి పేరు టెడ్. వలలో ఏటవాలుగా ఊచల చట్రం బిగిస్తారు. రొయ్యలు ఊచల సందుల్లోంచి వెనక్కి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది. దాని వాడకం సరిగా లేదనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల్ని ఆపేసింది. చెరువు రొయ్యలకి ఆ అడ్డు లేదు. ఆవిడ వదల్లేదు: "ఆ కంతలకెళ్ళి చేపలు గూడ పోతయి గదా, ఆ నష్టం ఎవరిస్తరు?" జాలర్ల అసలు అభ్యంతరం అదే. మేం తీసుకెళ్ళిన సినిమాలో ఆ ప్రశ్నే లేదు. మిగతా సినిమా ఆరోజు ఎవరూ అడగలేదు, మాటలతోనే రాత్రయింది.

అందుకే నా పట్టుదల. అరగంట దాటని సినిమా, తెలుగు గొంతు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపే రిమోటు. ఓటీటీ చందా మీ ఇంటికి, బస్తీకి కాదు, తీసినవాళ్ళకి రాసి అనుమతి తీసుకోండి. బొమ్మ మసకైతే జనం ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే ఓర్చుకోరు, కాబట్టి డబ్బు స్పీకర్ల మీద పెట్టండి. "సముద్రాన్ని కాపాడుదాం" అని ఫ్లెక్సీ మాత్రం కట్టకండి, దయచేసి.

తేదీ సంగతి. జూన్ 8 ప్రపంచ మహాసముద్రాల దినం. మన మృగశిర కార్తె కూడా ఇంచుమించు అప్పుడే. మామూలు రోజుల్లో మార్కెట్ మొహం చూడనివాళ్ళు కూడా ఆరోజు చేపల కోసం రాంనగర్ మార్కెట్లో సంచి పట్టుకుని నిలబడతారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పడమటి తీరంలో జూన్ 1న మొదలవుతుంది. అంటే మృగశిర నాడు రెండు వైపులా మరపడవలు రేవుల్లో కట్టేసే ఉంటాయి. మనం కొనే బొచ్చె, రవ్వ, కొర్రమీను మంచినీళ్ళవి. వంజరం కనిపిస్తే అది చాలావరకు ఐసులో దాచినదో, చిన్న పడవవాళ్ళు తెచ్చిందో అయ్యుండాలి. ఈ లెక్క చేపలమ్మేవాళ్ళకి తెలుసు, కొనేవాళ్ళకి తెలీదు.

ఈసారి మార్కెట్ పక్కనే తెర కడదామంటున్నాను. మృగశిర ముందురోజు వద్దు, అమ్మేవాళ్ళకి ఊపిరాడదు. ఒక వారం ముందు, చీకటి పడ్డాక. సినిమా అయ్యాక మైకు మొదట వాళ్ళకే. తెర ఉంది, స్పీకర్లు ఉన్నాయి, ఎండాకాలం కరెంటుని నమ్ముకోలేం కాబట్టి జనరేటర్ చూడాలి. మార్కెట్ వాళ్ళతో మాట్లాడటానికి నాతో ఇద్దరు రావాలి. పొద్దున అయిదింటికి లేవగలిగినవాళ్ళు చేతులెత్తండి.