రౌండ్లు తిరిగే పరుగు: మొదటిసారి వెళ్లేవాళ్లతో నాలుగు మాటలు

(తిరుపతిలో పొద్దున్నే పరుగెత్తే బృందంతో మాట్లాడిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీలో కొందరు మొదటిసారి, ట్రాక్ చుట్టూ 12 గంటలు తిరిగే పరుగుకు పేరు ఇచ్చారని తెలిసి సంతోషమేసింది. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. దాన్ని దాటిన ఏ దూరమైనా అల్ట్రానే. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద 106వ రౌండు పూర్తయ్యేసరికి మీరు అల్ట్రా రన్నర్లయిపోతారు.

మొదటిసారికి ఇలాంటి పోటీయే మేలని నా అభిప్రాయం. ఇందులో ముగింపు గీత ఉండదు, గడియారమే ముగిస్తుంది. ఎంత తిరిగితే అంత మీ లెక్కలో పడుతుంది. అందరికంటే వెనకబడి ఒంటరిగా మిగిలిపోతామన్న టెన్షన్ అక్కర్లేదు.

"ఒకేచోట తిరిగితే బోర్ కొట్టదా?" అని ఇంట్లో అడుగుతారు. బోర్ సంగతి వదిలేయండి, అది అలవాటైపోతుంది. చిక్కు వేరేచోట ఉంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేటప్పుడు గాలిగోపురం దగ్గర కాళ్లు ఎంత పీకినా, దిగిపోవడం కన్నా పైకి పోవడమే నయమనిపిస్తుంది. రోడ్డు మీద మారథాన్‌లో 30వ కిలోమీటరు దగ్గర ఆగితే వెనక్కి రావడానికి ఆటో వెతుక్కోవాలి. ట్రాక్ మీద ఆ ఇబ్బందే లేదు. ప్రతి రౌండుకూ మీ సంచీ, మీ కుర్చీ, నీడ, చల్లటి మజ్జిగ ఎదురుగానే కనిపిస్తాయి. ఆగిపోవడం అంత సులువు కాబట్టే ఈ పరుగు కష్టం.

లెక్క చూడండి. గంటకు 5 కిలోమీటర్ల చొప్పున ఆగకుండా నడిస్తే చాలు, 12 గంటల్లో 60 కిలోమీటర్లు. ఆ నడకలో కుర్చీలో కూర్చున్న ప్రతి 10 నిమిషాలకూ రెండు రౌండ్లు పోతాయి. అందుకే ఎప్పుడు కూర్చోవాలో ముందే కాగితం మీద రాసుకోండి. పరుగెత్తేవాళ్లు మధ్యలో గంటకు ఐదు నిమిషాలు నడవాలనుకుంటే మొదటి గంట నుంచే నడవండి. అలిసిపోయాక నడుద్దాంలే అనుకుంటే అప్పటికి నడక కూడా రాదు.

మీకు సాయం రావాలనుకునే తమ్ముడికో, వదినకో ముందే చెప్పి పెట్టండి. "ఎట్లుంది?" అని అడగొద్దు, అరటిపండు చేతిలో పెట్టి పంపించెయ్ అని. ఇక అమ్మ వస్తే మాత్రం జాగ్రత్త. "కాసేపు కూర్చో నాయనా" అన్న మాటను మించిన ప్రమాదం ఆ గ్రౌండ్‌లో ఇంకోటి లేదు!

ట్రాక్ సంగతులు రెండు. 400 మీటర్లు అనేది లోపలి లేన్ లెక్క. రెండో లేన్‌లో పోతే రౌండుకు సుమారు 7 మీటర్లు ఎక్కువ పరుగెత్తుతారు, అది మీ ఖాతాలోకి రాదు. అయినా వెనక నుంచి వేగంగా వచ్చేవాళ్లుంటే ఎవరు ఏ లేన్‌లో ఉండాలో నిర్వాహకులను అడిగి తెలుసుకోండి. రెండోది, ఎప్పుడూ ఒకేవైపు తిరిగితే ఒక కాలి మీదే భారం పడుతుంది. చాలా పోటీల్లో కొన్ని గంటలకోసారి దిశ మారుస్తారు. ఆ మార్పు ఒంటికి ఎంత హాయో అప్పుడు తెలుస్తుంది.

తిండి విషయం కాస్త గట్టిగా చెబుతాను. రాగి సంగటి మన ప్రాణమే, కానీ ఆ రోజు ముద్ద మింగి పరుగెత్తలేరు. పెరుగన్నం, ఇడ్లీ, ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళాదుంప, పలచటి అంబలి, వీటిలో మీ కడుపుకు ఏది పడుతుందో ముందే పరుగెత్తుతూ తిని చూసుకోండి. మన ఎండలో చెమటతో పాటు ఉప్పూ పోతుంది. అప్పుడు ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతులు, తికమక మొదలవుతాయి, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. దాహమేసినప్పుడు తాగండి, మజ్జిగలో ఉప్పు మర్చిపోకండి. ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుని పరుగెత్తవద్దు, నీళ్లు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీల మీద పడతాయి.

వేగం గురించి ఎవరో అడిగారు. 2022లో ఇటలీలోని వెరోనాలో లిథువేనియా రన్నర్ అలెగ్జాండర్ సొరోకిన్ 24 గంటల్లో 319.614 కిలోమీటర్లు పరుగెత్తాడు. మనకు దాంతో పనిలేదు, విని ఆనందించండి.

బొబ్బలు, ఒరుసుకోవడం మామూలే, వాజెలిన్ రాసుకుని సాగిపోవచ్చు. కళ్లు తిరిగినా, మూత్రం టీ రంగులో వచ్చినా, మాట తడబడినా వెంటనే ఆగి డాక్టరు దగ్గరికి వెళ్లండి. అప్పుడు మాత్రం నేను రాసుకోమన్న కాగితం చూడనక్కర్లేదు.