మరణ కారణం గడి దాటి అడగాల్సిన ప్రశ్నలు

ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

వైద్యం, నర్సింగ్, ప్రజారోగ్యం బోధించే మనం మానవ హక్కుల మీద ఒక క్లాసు, అభివృద్ధి మీద ఇంకో క్లాసు చెప్పి సిలబస్ అయిపోయిందనుకుంటాం. విద్యార్థులు వాటిని పరీక్షకు చదువుతారు, వార్డులో అడుగుపెట్టగానే మరిచిపోతారు. ఆ తప్పు వాళ్ళది కాదు. రోగితో ముడిపెట్టకుండా చెప్పింది మనం.

1848లో ఎగువ సైలీషియా అనే ప్రాంతంలో టైఫస్ జ్వరం ప్రబలితే, నాటి జర్మన్ రాజ్యమైన ప్రష్యా ప్రభుత్వం రుడాల్ఫ్ విర్కో అనే డాక్టరును చూసి రమ్మని పంపింది. అప్పటికి ఆయన వయసు 26. తిరిగొచ్చి ఆయన రాసిన నివేదికలో జనానికి చదువు కావాలని, పేదల మీద పన్నుల భారం తగ్గాలని, ప్రజాస్వామ్యం కావాలని ఉంది. జ్వరానికి ఇదేం చికిత్స అని మీ విద్యార్థుల్ని అడగండి. నాకు తెలిసి ఈ విషయానికి ఇంతకంటే మంచి మొదటి పాఠం లేదు.

రెండో పాఠానికి ఒక మరణాన్ని తీసుకుందాం. కాన్పు తర్వాత రక్తస్రావమై ఒక తల్లి చనిపోయింది. రికార్డులో మరణ కారణం ఒక్క మాట. అక్కడి నుంచి విద్యార్థిని వెనక్కి నడిపించాలి. 1994లో థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు మూడు ఆలస్యాల గురించి చెప్పారు: వైద్యం కోసం వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో, ఆసుపత్రికి చేరడంలో, చేరాక చికిత్స అందడంలో. ఆ ఇంట్లో నిర్ణయం ఎవరిది? ఆమె చేతిలో డబ్బుందా? రోడ్డుందా, బండి దొరికిందా? ఆసుపత్రిలో రక్తం ఉందా? అంతకుముందు ఎప్పుడో అక్కడ ఎవరైనా ఆమెను కసురుకున్నారా? ఈ చివరి ప్రశ్న దగ్గర క్లాసు నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దాన్ని తొందరపడి మాటలతో నింపకండి.

ఇంతవరకూ చూసింది కారణాలు. వీటిలో ఏది సరిచేయడం ఎవరి బాధ్యత అని అడిగినప్పుడు హక్కు అనే మాటకు పని పడుతుంది. 1966 నాటి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోని 12వ అధికరణం ఆరోగ్యాన్ని హక్కుగా గుర్తించింది. వనరులను బట్టి దాన్ని క్రమంగా అమలు చేయవచ్చని ఆ ఒడంబడికే ఒప్పుకుంటుంది. కానీ వివక్ష చూపకపోవడాన్ని వాయిదా వేసే వీల్లేదు. ఈ తేడా విద్యార్థికి స్పష్టంగా తెలియాలి. లేకపోతే హక్కంటే నినాదమే అనుకుంటాడు.

"ఇది రాజకీయం కదా, డాక్టర్ల చేతిలో ఏముంది?" అని తప్పకుండా అడుగుతారు. దక్షిణాఫ్రికా సంగతి చెప్పండి. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవి సోకకుండా కాపాడే నెవిరాపిన్ అనే మందును అక్కడి ప్రభుత్వం కొన్ని ఎంపిక చేసిన కేంద్రాలకే పరిమితం చేసింది. 2002లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ ఆంక్షను తొలగించమంది. కేసు వేసిన వాళ్ళలో ఒక పిల్లల డాక్టరు కూడా ఉన్నాడు.

ఈసారి పరీక్షలో రక్తస్రావానికి కారణాలు రాయమనే ప్రశ్నతో పాటు ఇంకొకటి చేర్చండి: ఈ తల్లి బతకాలంటే ఎవరు, ఎప్పుడు, ఏం చేసి ఉండాల్సింది? మొదట్లో జవాబులు తడబడుతూ వస్తాయి. మార్కులు వేసి పక్కన పెట్టేయకండి. క్లాసులో చదివి వినిపించి, మిగతా విద్యార్థులతో వాటి మీద మాట్లాడించండి.