కొలెస్ట్రాల్ రిపోర్టూ, చిగుళ్ల చార్టూ పక్కపక్కన పెట్టి చదువుదాం

నమస్కారమండీ. వెనకాల మోటారు చప్పుడు వినపడితే ఏమనుకోకండి, పక్కింటోళ్లు కొబ్బరితోటకి నీళ్లు పెడుతున్నారు. అమలాపురంలో ఈ టైముకి ఇంతే.

ఇవాళ రెండు కాయితాలు. ఇదిగో లిపిడ్ ప్రొఫైలు, అంటే రక్తంలో కొవ్వుల లెక్క. ఇదిగో చిగుళ్ల చార్టు. అంకెలు నేను వేసినవే, నమూనాకి.

రిపోర్టు గబగబా చూసేద్దాం. ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు 150 లోపు ఉండాలి, ఇక్కడ 310. చెడ్డ కొలెస్ట్రాల్ అంటామే, ఆ ఎల్‌డీఎల్ 168. రెండూ ఎక్కువే. పరగడుపున ఇచ్చిన రక్తమేనా అని ఒక్కసారి అడగండి. పొద్దున్నే రెండు పూతరేకులు తినేసి వెళ్తే ట్రైగ్లిజరైడ్స్ అంకె పైకి పోతుంది.

చార్టు. పంటికీ చిగురుకీ మధ్య సందులో ప్రోబ్, అంటే కొలతగీతలున్న సన్నటి పుల్ల పెడతాం. 3 మిల్లీమీటర్ల దాకా దిగితే మామూలే. ఇక్కడ 5, ఇక్కడ 6. ఎర్రచుక్క ఉన్నచోట రక్తం వచ్చింది. అంతే.

ఇప్పుడు ఈ రెంటికీ లింకు. బొమ్మ గీస్తాను. ఇది పన్ను, ఇది చిగురు... అయ్యో, వంకరపోయింది. ఈ యాప్‌లో రెండు వేళ్లతో తడితే వెనక్కి పోతుంది, చూశారా? రబ్బరు బొమ్మ వెతుక్కోనక్కర్లేదు. నాకు ఇది తెలియడానికి ఆర్నెల్లు పట్టింది.

సరే, ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఎందుకంటే నేను బోర్లాపడింది ఇక్కడే. కాలవకి గుర్రపుడెక్క పట్టినట్టు కొవ్వు చిగుళ్ల రక్తనాళాలకి అడ్డంపడుతుంది, తెల్లకణాలు అక్కడిదాకా రాలేవు అనుకునేదాన్ని. పరీక్షలో బొమ్మేసి మరీ రాశాను. అడ్డంగా కొట్టేశారు.

కాదండీ, కణాలు వస్తాయి. కౌంటు చూస్తే మామూలుగానే ఉండొచ్చు. తేడా వచ్చిన కణంలో ఉంటుంది. ఈ గులాబీ చుక్క న్యూట్రోఫిల్ అనే తెల్లకణం, చిగురు సందుకి మొదటి కాపలాదారు. సూక్ష్మజీవులున్న చోటి నుంచి వచ్చే రసాయనాల వాసన పట్టుకుని పోవాలి, దొరికినదాన్ని మింగాలి. రక్తంలో కొవ్వు బాగా ఎక్కువైతే వాసన పట్టడం, మింగడం మందగించొచ్చు. అదే సమయంలో సూక్ష్మజీవులని చంపడానికి దాచుకున్న ఘాటు ఆక్సిజన్ రసాయనాలని ఊరికే బయటికి కక్కుతుంది. దొంగ దొరకడు, ఇంటి గోడ మాత్రం కాలుతుంది. కౌంటు బావుందంటే కాపలా బావున్నట్టు కాదు. మళ్లీ చెప్తున్నాను, కౌంటు వేరు, పని వేరు.

ఇక మాక్రోఫేజ్, ఈ పసుపుది, ఇదీ మింగే కాపలా కణమే. మన కణాలకి ఎల్‌డీఎల్ లోపలికి వచ్చే తలుపు ఒకటుంది. కడుపు నిండితే ఆ తలుపులు తగ్గించేసుకుంటాయి. దాన్ని పట్టుకున్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకి 1985లో నోబెల్ ఇచ్చారు. కానీ ఆక్సీకరణ చెందిన ఎల్‌డీఎల్ ఆ తలుపున రాదు. స్కావెంజర్ రిసెప్టర్ అనే దొడ్డిదారిన వస్తుంది, దానికి గడియ లేదు. మాక్రోఫేజ్ తింటూనే ఉంటుంది, కొవ్వుతో ఉబ్బి నురగకణం అయిపోతుంది. పైగా ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్ఎఫ్ లాంటి మంట పెంచే సంకేతాలు వదులుతుంది. అవి పన్ను చుట్టూ ఉన్న ఎముకని కరిగించే కణాలని నిద్రలేపుతాయి, ఎముక కరిగితే సందు లోతవుతుంది. ఇందాకటి 6 మిల్లీమీటర్లు గుర్తుందా?

బాణం ఇటు నుంచి అటు కూడా వెయ్యాలి. చిగుళ్ల సూక్ష్మజీవుల విషం రక్తంలోకి జారితే టీఎన్ఎఫ్ పెరుగుతుంది, అది కాలేయంతో ఇంకా ట్రైగ్లిజరైడ్స్ తయారు చేయిస్తుంది. ఏది ముందు, ఏది వెనక అని ఈ రెండు కాయితాలు చూసి చెప్పేయకండి. కొవ్వొక్కటే పళ్లు ఊడగొట్టదు, మొదటి ముద్దాయి పాచే. క్లీనింగ్ ఆపొద్దు, డాక్టరిచ్చిన కొలెస్ట్రాల్ మాత్రా ఆపొద్దు.

ఆఁ, చార్టు కింద ఈ గడి ఖాళీగా ఉంది చూశారా? హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల షుగరు సగటు చెప్పే రక్తపరీక్ష. షుగరుంటే ట్రైగ్లిజరైడ్సూ పెరుగుతాయి, చిగుళ్లూ పాడవుతాయి. అంటే లింకు అనుకున్నదంతా షుగరు పనే కావచ్చు. నేనెప్పుడూ మర్చిపోయే గడి ఇదే, అందుకే ఎర్రపెన్నుతో చుట్టేస్తున్నాను. దీన్ని నింపాకే కింద సంతకం.